పందిపోతును అవతలికి తోలమన్నాను

పంది వీపు మీద కూర్చున్న ఆడదాన్ని చూసి నవ్వేవాళ్లకు నేనొక్కటే చెప్పేదాన్ని: "నవ్వుండ్రి, పండ్లు రాలంగ నవ్వుండ్రి. పని మాత్రం నేనే చేస్త." సిగ్గుపడమని ఎంతమంది చెప్పినా నాకు సిగ్గు రాలేదు. ఇప్పటికీ రాదు.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లవి. చిట్కుల్ ఊరి బయట, ఫ్యాక్టరీ గోడల వెనక, ఒక సేటు పందుల షెడ్డు పెట్టాడు. పెంట ఎత్తడానికి నన్ను పెట్టుకున్నాడు. రిజిస్టర్‌లో నా పేరు పక్కన "స్వీపర్" అని రాశారు. ఏడాది తిరక్కుండానే అక్కడ ఎదకొచ్చిన పందులకు సూది వేసేది నేనే అయ్యాను. సూది అంటే గుచ్చేది కాదు. పోతు వీర్యాన్ని గొట్టంతో ఆడపంది కడుపులోకి పంపడాన్ని మావైపు అలాగే అంటారు. అంతకుముందు ఆ పని చేసే ముసలాయన మోకాళ్ల నొప్పులతో మానేస్తే, ఆయన్ను చూసి చూసి నేర్చుకున్న నేను గొట్టం అందుకున్నాను. రిజిస్టర్‌లో మాట మాత్రం మారలేదు.

ఇంట్లో మా అత్త మండిపడింది. "ఛీ ఛీ, ఆడదానివి, గిదేం పనే? బయటనే నీళ్లు పోస్కొని రా," అనేది.

"బర్రె ఈనుతుంటే చెయ్యి పెట్టి దూడను గుంజినవు గదా అత్తా, గప్పుడు నువ్వు ఆడదానివి గాదా?" అన్నానొక రోజు. ఆ పూట నాకు అన్నం వడ్డించలేదు. నేనే వడ్డించుకుని తిన్నాను.

పాత పద్ధతి నాకు నిద్రలో కూడా వచ్చు. మెలికల మొన ఉన్న లావు గొట్టం. ఎడమకు తిప్పుతూ పంపితే గర్భసంచి ద్వారం దగ్గర బిగుసుకుంటుంది. ఎదురుగా పోతును నిలబెట్టాలి. దాని వాసన తగిలితే ఆడపంది చెవులు నిక్కబొడుచుకుని కదలకుండా నిలబడుతుంది. మనం వీపు మీద కూర్చుని డొక్కలు నిమురుతుంటే, సీసాలో ఉన్నదాన్ని అదే మెల్లగా లోపలికి పీల్చుకుంటుంది. ఒక్కోదానికి పది నిమిషాలైనా పడుతుంది. తొందరపడితే అంతా వెనక్కి కారి నేలపాలే.

అప్పుడొచ్చాడు కొత్త సూపర్‌వైజర్, ఎక్కడో శిక్షణ పూర్తి చేసుకుని. లావు గొట్టంలోంచి దూరే సన్న గొట్టం ఒకటి తెచ్చాడు. అది ద్వారం దాటి నేరుగా గర్భసంచిలోకే పోతుంది. వీర్యం సగం చాలు, పని కూడా తొందరగా అయిపోతుంది. మంచి పద్ధతే, నేను కాదనలేదు. చూద్దామని చెయ్యి చాపితే ఆయన గొట్టం వెనక్కి లాక్కున్నాడు.

"ఇది చదువుకున్నోళ్ల పని. నువ్వు పోతును పట్టుకో, చాలు."

పట్టుకున్నాను. పాత పద్ధతిలో లాగే ముక్కుకు ముక్కు ఆనేట్టు నిలబెట్టమన్నాడు. సన్న గొట్టం ద్వారం దగ్గర ఆగిపోయింది. ఆయన నెట్టాడు. పంది అరిచింది. బయటికి తీస్తే గొట్టం కొనకు నెత్తురు. రెండోదానికీ అంతే. "ఈ పందులే బాగలేవు," అన్నాడు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు!

సేటు అక్కడే ఉన్నాడు. ఆయన వినేట్టే అన్నాను. "సారూ, పోతును అవతలికి తోలుండ్రి. అది ముందట ఉంటే ఆడపంది లోపల బిగుసుకపోతది. పాత గొట్టం గుంజినా రాదు, నాకెరుక. పోతు పోయి జెరసేపైనంక అదే వదులైతది. గాజులు ఏయించుకునేటప్పుడు చెయ్యి బిగవట్టుకుంటే గాజు ఎక్కుతదా? పగిలి నెత్తురొస్తది."

"పందులకు గాజులు తొడుగుతవా ఏంది?" అని సూపర్‌వైజర్ నవ్వాడు.

సేటు నవ్వలేదు. "ఆరు పందులు ఆయనకు, ఆరు నీకు," అన్నాడు. "నీ మాట తప్పైతే మళ్ల పెంట తట్టనే. పాత గొట్టం గూడ ముట్టద్దు."

సరేనన్నాను. తట్ట నెత్తిన పెట్టుకుని ఆ సూపర్‌వైజర్ ముందు నడవడం కన్నా చావు నయమనిపించింది.

నా ఆరింటికీ ముందు పోతును చూపించాను. కదలకుండా నిలబడ్డాయని ఖాయం చేసుకున్నాక పోతును షెడ్డు ఆ చివరికి తోలి తలుపు వేశాను. ఛాయ్ తాగి, కాసేపు కూర్చుని వచ్చాను. లావు గొట్టం పెట్టి కొంచెం ఆగాను. సన్న గొట్టాన్ని రెండు వేళ్లతో మెత్తగా పంపాను. ఆగినచోట ఆగాను, మళ్లీ పంపాను. జారింది! అబ్బ, ఆ జారడం నా వేళ్లకు ఇంకా గుర్తుంది. సూపర్‌వైజర్ మాత్రం తన ఆరింటికీ పోతును ఎదురుగానే ఉంచాడు.

సూడి నిలవకపోతే పంది మూడు వారాలకు మళ్లీ ఎదకొస్తుంది. ఆ మూడు వారాలూ రోజులు వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను. ఒక సాయంత్రం మా అత్తే అడిగింది, "నిలిచినయా?" అని. ఇంకా తెలియదన్నాను. "చలి పెడ్తుంది, లోపట్నే పోస్కో నీళ్లు," అంది.

గడువుకు పోతును వాటి ముందు నడిపించాం. సూపర్‌వైజర్ ఆరింటిలో నాలుగు చెవులు నిక్కబొడుచుకుని నిలబడ్డాయి, అంటే ఆ నాలుగూ ఖాళీ. అబద్ధమెందుకు, నాదీ ఒకటి నిలబడింది. మిగతా ఐదూ పోతు మొహమే చూడలేదు.

"ఇగ వీటికి నువ్వే ఎయ్యి. సారుకు గూడ నేర్పియ్," అన్నాడు సేటు.

"నేర్పిస్త. ముందుగాల రిజిస్టర్ తెప్పియ్యుండ్రి. నా పేరు పక్కకు స్వీపర్ అనుంది. అది కొట్టేసి, సూది వేసే మనిషి అని రాయుండ్రి."

"రాస్తలే తియ్. ముందు పని కానియ్."

"పనైనంక మీరు రాయరు, నాకెరుక. ఎద మనకోసం ఆగదు సేటూ. ఇంకో మూడు వారాలు మీరు ఆగుతరా?"

ఆయన నన్ను చూశాడు, నిలబడ్డ పందిని చూశాడు. రిజిస్టర్ తెప్పించి, కొట్టేసి, రాశాడు. మూడో తరగతి దాకా చదివినదాన్ని, చదవడం వచ్చు. అయినా దాన్ని సూపర్‌వైజర్ ముందు పెట్టాను.

"సదువుండ్రి సారూ. జెర పెద్దగ."

చదివాడు. నా పేరు, ఆ పక్కనే నా పని.

"మంచిగుంది," అన్నాను. "ఇగ పోతును అవతలికి తోలుండ్రి."

కర్ర అందుకుని తోలాడు.