నీళ్లలో దాచిన పడవ

నేను ఇప్పుడు కాపురముంటున్న ఇంట్లో స్నానాలగది తలుపు వానాకాలంలో మూసుకోదు. ఎండాకాలంలో మూసుకుంటుంది గానీ, మూసినా తెరిచినా పెద్ద తేడా ఉండదు. సందుల్లోంచి పెరడంతా కనపడుతుంది. ఏటా కార్తీకంలో వడ్రంగిని పిలిపించి అంచు చిత్రిక పట్టిస్తాను. ఏటా వైశాఖంలో అతన్నే పిలిపించి ఆ సందుకు బద్ద కొట్టిస్తాను. ఇప్పుడు అందులో తలుపెంతో బద్దలెంతో తేల్చడం కష్టం. ఇంటాయనతో మొర పెట్టుకుంటే, "కర్ర గదండీ, నీళ్లు తాగతాది" అన్నాడు, చంటిబిడ్డ పాలు తాగుతుందన్నంత ముద్దుగా.

కర్ర నీళ్లు తాగుతుందన్న సంగతి నాకు ఆయన చెప్పనక్కరలేదు. మా నాయన పడవ దగ్గర చిన్నప్పుడే చూశాను.

మా మెట్టలో పడవ అంటే నవ్వుతారు. ఆత్మకూరు నుంచి ఉదయగిరి పోయే దారిలో, నాలుగు చినుకులు రాలితే బయటికొచ్చి నిలబడి చూసే ఊళ్లు మావి. ఒకసారి మర్రిపాడు వైపు నుంచి వచ్చిన లారీ డ్రైవరొకడు చెరువుకట్ట మీద ఆగి, పడవను చూసి, "ఇది ఇక్కడికెట్లా వచ్చిందయ్యా?" అని అడిగాడు. "బస్సు దొరక్క నడిచొచ్చింది" అన్నాడు నాయన.

కానీ మా చెరువు పెద్దది. నిండితే అవతలి గట్టు మీద మనుషులు చీమలంత కనపడతారు. నాయనకు ఇవతల అంగడి. అవతలి ఊళ్లలో పండే వేరుశనక్కాయలు, నువ్వులు, కందులు ఇటు రావాలి; ఉప్పూ కిరసనాయిలూ అటు పోవాలి. కట్ట మీద బండిదారి ఉంది. అయితే దారి మధ్యలో కలుజు ఉంది. చెరువులో ఎక్కువైన నీళ్లు పొర్లిపోవడానికి కట్టిన రాతి గోడ అది. కలుజు పారిందంటే ఆ దారి మూసుకున్నట్టే. అందుకని పడవ.

ఆ పడవను చేయించింది నాయన కాదు, మా పెదనాయన. సముద్రపు పక్క నుంచి పనివాళ్లను పిలిపించి, చెరువుగట్టునే టేకు పలకలు కోయించి, దగ్గర కూచుని చేయించాడు. తర్వాత అన్నదమ్ములు వేరుపడ్డారు. పంపకాలలో ఏం జరిగిందో నాకు తెలియదు. ఇద్దరి నోటా విన్నాను కాబట్టి బొత్తిగా తెలియదు. చివరికి పడవ నాయనకు వచ్చింది. పెదనాయన కుటుంబంతో అవతలి గట్టు ఊరికి పోయాడు. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

మాటల్లేవంటే, పడవ గురించి కాక ఇంకే మాటలూ లేవు. పడవ నడిపే మనిషి చెరువు పల్లెవాడు, చేపలు పట్టే ఇంటివాడు. అన్నదమ్ముల మధ్య రాయబారం అతని ఉద్యోగంలో భాగమైపోయింది.

"అయ్యా, పెద్దాయన రేవుకొచ్చి చూసినాడు. కుడిపక్క పలక సందిచ్చిందంట. నూనె పెట్టమన్నాడు."

"నాకూ కళ్లుండాయని చెప్పు."

మర్నాడు పొద్దున్నే నాయన నూనె పెట్టించేవాడు. "ఆయన చెప్పినాడని కాదు. నేను ముందే అనుకుంటా ఉండా" అని ఇంట్లో చెప్పేవాడు, మేమెవరమూ అడగకపోయినా. ఎండాకాలంలో చెరువు అడుగంటి పడవ బురద మీద పడుకున్నప్పుడు, పలకలు బీటలివ్వకుండా దాని కడుపులో బిందెలతో నీళ్లు పోయించమని కబురు వచ్చేది. తాగే నీళ్లకే బావి దగ్గర కొట్లాటలవుతున్న రోజుల్లో పడవకు నీళ్లు తాపినందుకు నాయన ఊరందరి చేతా మాటలు పడ్డాడు. ఆ తిట్లు కూడా చెప్పి పంపాడనుకుంటాను. అవతలి నుంచి దానికి జవాబు రాలేదు.

ఒక ఏడు తుపానుకు పడవ దెబ్బతిన్నది. నాయన కొత్త తాడుతో రేవులో గట్టిగా కట్టాడు. తాడు తెగలేదు, ఆ మేరకు నాయన గెలిచాడు. గాలి మాత్రం రాత్రంతా పడవను ఎత్తి ఎత్తి కట్టరాళ్ల మీద కొట్టింది. పొద్దున్నకు ఒక పక్క పలకలు పళ్లూడినట్టు ఊడిపోయి ఉన్నాయి. అవతలి నుంచి కబురు వచ్చింది: "పడవను కట్టేసేది గొడ్డును కట్టేసినట్టు కాదని చెప్పు." పలకలను నాయన నెల తిరక్కుండా బాగు చేయించాడు. ఆ మాటను బాగు చేయించడం ఆయన వల్ల కాలేదు.

ఆంధ్రరాష్ట్రం కొత్తగా వచ్చిన రోజులవి. నేను నెల్లూరులో బి.ఏ. చదువుతూ సెలవలకు ఇంటికొచ్చాను. చెరువు అప్పటికే కలుజు మట్టానికి జానెడు తక్కువలో ఉంది. నేనొచ్చిన సాయంత్రం బస్సు కండక్టరు నెల్లూరు నుంచి టిక్కెట్లతో పాటు తుపాను కబురును కూడా పంచుకుంటూ వచ్చాడు. పొద్దున లేచేసరికి ఆకు కదలడం లేదు. ఉదయగిరి వైపు కొండలు ఉండాల్సిన చోట ఏమీ లేదు.

నాయన ఆ రోజు అంగడి తెరవలేదు. అంగడి తెరవకపోవడం మా ఇంట్లో ఎవరైనా పోయినప్పుడు మాత్రమే జరిగే పని. ఖాళీ గోతాలు మోపుగా కట్టి నా నెత్తిన పెట్టి చెరువుకు నడిపించాడు. ఈసారి పడవను కట్టడం లేదు, ముంచుతున్నాడు. తేలే దాన్నే గాలి కొడుతుంది, అడుగున పడుకున్న దాన్ని ఏం చేస్తుందని ఆయన లెక్క.

"మునిగిపోతుందేమోనని ముందే ముంచేస్తున్నామా నాయనా?" అన్నాను.

"మీ కాలేజీలో పడవలు ఉండాయా?"

"లేవు."

"అయితే గోతం మూతి పట్టు."

ఇసక నింపుతూ ఉండగా పొద్దుటి దఫా ముగించుకుని పడవ వచ్చింది. పడవాయన దిగి, పడవ తోసే గడ ఒడ్డున గుచ్చి, తలగుడ్డ విప్పి ముఖం తుడుచుకున్నాడు.

"అయ్యా, పెద్దాయన చెప్పి పంపినాడు. తుపాను వస్తా ఉండాది, పడవను ముంచమన్నాడు."

"నాకు చెప్పేదేంది? కనపళ్లా, గోతాలు నింపతా ఉండా!"

"ఇంకోటి గూడా చెప్పినాడు. ఒకసారి వచ్చిపొమ్మన్నాడు."

నాయన పార ఆపాడు. అన్నేళ్లలో పడవ పేరు లేకుండా వచ్చిన మొదటి మాట అది.

"మనిషి మంచం మీదే ఉండాడయ్యా. గొంతు సన్నంగా వస్తా ఉండాది. నేను వంగి వినాల్సొచ్చింది."

సద్ది తెచ్చిన అమ్మ గిన్నె కింద పెట్టకుండానే అన్నది: "ముందు పోయి చూసి రాండి. పడవ యాడికి పోతాది?"

"యాడికన్నా పోతాదనే గదా ఈ అగచాట్లు!"

"మీ అన్న పోడా?"

నాయన మళ్లీ పార అందుకున్నాడు. ఆయన పోకూడదనుకోలేదు. పడవ పని కానిచ్చి, కట్టమీద నడిచి, చీకటి పడకముందే చేరుకుంటానన్నాడు. పడవాయనకు ఇది నచ్చలేదు.

"ఒక తడవ పడవలోనే పోయొద్దాం. వచ్చి ముంచుదాం."

"అక్కడుండంగా గాలి లేస్తే?"

"లేస్తే ఆ గట్టునే ముంచుదాం. ఆడ మటుకు నీళ్లు గాదా ఉండేది?"

"ఆయన ముందరా? మంచం మీదినుంచే అట్ల గాదు, ఇట్ల గాదు అంటా ఉంటాడు." మళ్లీ నాయనే నెమ్మదిగా అన్నాడు: "పోంగానే పడవ ఏం చేసినావని అడగతాడు. ముంచి వచ్చినానని చెప్పాల."

దాంతో సంగతి మా అందరికీ అర్థమైంది. అర్థమయ్యాక అమ్మ కూడా ఒత్తిడి చేయలేదు.

ఆ పని నాయన చేసినంత శ్రద్ధగా మనుషులు పెళ్లిళ్లు కూడా చేయరు. గాలి చాటుగా ఉంటుందని తుమ్మచెట్ల పక్కన, నడుం లోతు నీళ్లలో చోటు చూశాడు. అడుగున రాళ్లేమన్నా ఉన్నాయేమోనని తనే దిగి కాళ్లతో తడిమాడు. గడ, తెడ్లు, లోపలి పలకలు అంగట్లోకి మోయించాడు. బరువుకు రాళ్లు వేద్దామంటే, పలకలు నొచ్చుకుంటాయి, ఇసకే వేయాలన్నాడు. ఒక పక్క గోతం ఎక్కువైందని తీయించాడు, తీశాక ఇంకోపక్క ఒరిగిందని మళ్లీ పెట్టించాడు. పడవాయన మాటిమాటికీ అవతలి గట్టు కేసి చూస్తున్నాడు. నాయన ఒక్కసారి కూడా చూడలేదు. అది నేను చూశాను.

మధ్యాహ్నం దాటాక పడవ మునిగింది. నీళ్లు అంచు దాటి లోపలికి వస్తుంటే అది పెద్దగా అభ్యంతరం చెప్పలేదు. ముసలి గేదె మడుగులో కూచున్నట్టు ఒక్కసారి నిట్టూర్చి దిగిపోయింది. దాని ముక్కుకు కట్టిన తాడు తుమ్మమొదలుకు బిగించారు. ఎక్కడ ఉందో తెలియడానికి ఇంకో సన్నతాడుకు ఎండు సొరబుర్ర కట్టి వదిలారు. నీళ్ల మీద ఆ బుర్ర తప్ప ఏమీ మిగల్లేదు. నాయన దాని కేసి చాలాసేపు తృప్తిగా చూశాడు.

ఇంటికొచ్చి, స్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకుని, ఆత్మకూరులో కొన్న బత్తాయిలు తువ్వాలులో మూటగట్టుకుని, గొడుగు తీసుకుని బయల్దేరాడు. అప్పటికే జల్లు మొదలైంది. దీపాలు పెట్టే వేళకు తిరిగొచ్చాడు. గొడుగు లోపలిది బయటికి తిరగబడి ఉంది. కలుజు దాకా పోయాననీ, కట్ట మీద మనిషి నిలబడలేకపోతున్నాడనీ, తెల్లారి పోతాననీ చెప్పాడు. గాలి నిజంగానే ఉంది. బత్తాయిల మూట గూట్లో పెట్టాడు.

తెల్లారలేదనే చెప్పాలి. ఒక రాత్రీ, మర్నాడు పగలంతా తుపాను మా ఊరి మీదే ఉండిపోయింది. మా అంగడి పెంకులు కొన్ని పక్కవీధిలో తేలాయి. అవి మావేనని ఆ వీధివాళ్లు ఒప్పుకోలేదు. వాన వెలిశాక కట్టమీదికి పోయి చూస్తే, కలుజు మీద నీళ్లు మనిషెత్తున దూకుతున్నాయి. దారి లేదు. చెరువు పెరిగి తుమ్మచెట్లు కొమ్మల దాకా మునిగాయి. సొరబుర్ర కనపడలేదు. నడుం లోతుకు సరిపడా తాడు కట్టాం. నీళ్లు రెండు నిలువులయ్యాయి. గుర్తు కోసం వదిలిన బుర్ర పడవతో పాటు అడుగున ఉండిపోయింది.

పడవాయన చెట్టుకు కట్టిన తాడు పట్టుకుని మునిగాడు. ఇసక గోతాలు ఆ లోతులో కదిలేవి కావు. కత్తి పట్టుకుని మునుగుతూ, ఒక్కొక్క గోతాన్నే కోసి, ఇసక వదిలిస్తూ వచ్చాడు. పైకొచ్చినప్పుడల్లా కొమ్మ పట్టుకుని రొప్పేవాడు. నాయన ఒడ్డు వైపు మెడ లోతులో నిలబడి తాడు లాగి పట్టుకున్నాడు. ఆ రోజంతా అదే పని. మర్నాడు పొద్దునకు పడవ పైకి తేలింది. ఒడ్డుకు లాగి, నీళ్లు తోడి చూస్తే ఒక్క పలక కదల్లేదు. కర్ర కడుపునిండా నీళ్లు తాగి ఎక్కడా సందు లేకుండా బిగుసుకుంది. నాయన పలకల మీద చెయ్యి వేసి ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిచాడు.

"చూసినావా? మీ పెదనాయనకు చెప్పాల" అన్నాడు నాతో. ఆ ముఖం నాకిప్పటికీ గుర్తు.

బత్తాయిల మూటతో ముగ్గురం బయల్దేరాం. నీళ్లు ఎర్రగా ఉన్నాయి. కొట్టుకొచ్చిన తాటాకులు, ఒక నులకమంచం, చచ్చిన కోళ్లు పక్క నుంచి పోతున్నాయి. నాయన ముందు కూచుని ఇటు తిప్పు, అటు తిప్పు అని చెబుతున్నాడు, ఆ చెరువు పడవాయనకు కొత్తయినట్టు. అవతలి గట్టు దగ్గర పడింది. పెదనాయన ఇల్లు రేవుకు ఎదురుగానే. రేవులో ఒకతను నిలబడి ఉన్నాడు. ఇంకొంచెం దగ్గరికి పోయాక ఆ మనిషి గుండు కనపడింది. పెదనాయన కొడుకు, మా అన్న.

నాయన చెప్పడం ఆపేశాడు. పడవాయన గడ వెయ్యడం ఆపలేదు.

పడవ దిగాక మా అన్నే చెప్పాడు. "తుపాను రోజు పొద్దున్నే, చిన్నాయనా. వానలోనే కానిచ్చినాం." పడవ తాడు అందుకుని రేవులో కట్టేస్తూ మళ్లీ అన్నాడు: "ముందురోజు మాపిటేళ మంచం వాకిట్లో వెయ్యమన్నాడు. మీ రేవులో పడవ ఉండాదా చూడమన్నాడు. చూసినా. లేదు నాయనా అన్నా. 'బయల్దేరినాడు' అన్నాడు. ముంచినారేమో నాయనా అన్నా. 'కాదు, బయల్దేరినాడు' అన్నాడు. వాన జల్లు ముఖాన కొడతా ఉన్నా మంచం లోపలికి తియ్యనీలా."

నాయన బత్తాయిల మూట ఎవరికివ్వాలో తెలియనట్టు పట్టుకుని ఇంటి దాకా నడిచాడు. పెద్దమ్మ గడప లోపల గోడకు ఆనుకుని కూచుని ఉంది. నాయన వాకిట్లో ఆగి, "వదినా" అన్నాడు.

పెద్దమ్మ ఆయన ముఖం చూడలేదు. ఆయన పక్కనుంచి, రేవులో కట్టేసిన పడవ కేసి చూసింది. ఆ చూపు ఈ కొస నుంచి ఆ కొస దాకా నెమ్మదిగా పోయింది.

"పడవ మటుకు చెక్కు చెదర్లా" అన్నది.