అక్క కారుకు మూడో పెడల్

మా అక్క కారులో రెండే పెడళ్లు ఉండేవి. ఒకటి బ్రేకు, ఒకటి యాక్సిలరేటర్. రెండూ కుడికాలి పనే. ఆమె వెతికి వెతికి ఆటోమేటిక్ కారు కొనడానికి కారణం అదే.

మాది మర్రిగూడ మండలంలో ఒక పల్లె. అమ్మ, బాపు కూలికి పోయేవాళ్లు. వాడకట్టులో ఉన్న బోరింగు నీళ్లే తాగాం, వాటితోనే వండుకున్నాం. ఆ నీళ్లలో ఫ్లోరైడ్ ఉందని మాకు అర్థమయ్యేసరికి అక్క కాళ్లు వంకర తిరిగాయి. నన్ను చిన్నప్పుడే నల్లగొండ హాస్టల్లో వేశారు కాబట్టి పళ్ల మీద పసుపుపచ్చ మరకలతో బయటపడ్డాను. అక్క ఊళ్లోనే ఉండి చదువుకుంది. ఇంటర్‌కు వచ్చేసరికి ఆమె ఎడమ మోకాలు పూర్తిగా బిగుసుకుంది. కూర్చుంటే ఆ కాలు ముందుకు చాచి పెట్టుకోవలసిందే.

అయినా టీచరయింది. అమ్మా బాపూ పోయాక మేమిద్దరం నల్లగొండలో ఒకే ఇంట్లో ఉన్నాం. నాకు పెళ్లయింది గాని నిలవలేదు. అక్క చేసుకోలేదు. తెలంగాణ వచ్చిన కొత్తలో ఆమెకు చండూరు వైపు ఒక బడికి బదిలీ అయింది. రోజూ బస్సు. ఆ మెట్టు ఆమెకు అందేది కాదు. ఎవరో ఒకరు చంకల కింద చేతులు పెట్టి పైకి ఎక్కించాలి. ఎక్కించేవాళ్లు మంచివాళ్లే, ప్రేమగానే ఎక్కించేవాళ్లు. కానీ రోజూ ఎవరో ఒకరి చేతుల మీదుగా బడికి పోవడం ఆమెకు నచ్చేది కాదు. ఆ మాట నోటితో ఎప్పుడూ అనలేదు. సాయంత్రం ఇంటికి వచ్చి చీర చంకల దగ్గర సర్దుకునే తీరులో తెలిసేది.

అప్పుడే హైదరాబాద్‌లో ఒక ముసలాయన తన పాత ఆటోమేటిక్ కారు అమ్ముతున్నాడని తెలిసింది. బూడిద రంగు చిన్న కారు. అక్క ఆదివారాలు ప్రార్థన అయ్యాక చర్చి వెనక మైదానంలో దాని మీద నేర్చుకుంది. మొదటిసారి తానొక్కతే చండూరు దాకా పోయి వచ్చిన రోజు, కారు దిగకుండా వాకిట్లోనే కూర్చుని నన్ను పిలిచింది.

"చెల్లె, ఈ బండి నా ఎడమ కాలును ఏం అడుగుతలేదే," అంది.

ఆ తర్వాత కొన్నేళ్లు ఆమె జీవితంలో మంచి రోజులు. కోస్గిలో ఉన్న స్నేహితురాలి ఇంటికి పోయి జొన్నపిండి తెచ్చేది. మా ఊరి ముసలమ్మలను కంటి దవాఖానకు తీసుకొచ్చేది. నాకూ నేర్పించింది. కృష్ణ నీళ్లు నల్లాల్లో మా ఊళ్లకు చేరాక ఒకరోజు బడి నుంచి వచ్చి, "ఒకటో తరగతి పోరగాండ్ల కాళ్లు సక్కగున్నయే. అందరు ఉరుకుతున్నరు," అని చెప్పింది. ఆ పూట అన్నం కలుపుకుంటూ చాలాసేపు నవ్వు ముఖంతోనే ఉంది. ఆమె ఎముకల్లో చేరింది మాత్రం చేరే ఉంది. అది వెన్నుపూస దాకా పాకింది.

ఒక ఆదివారం మా ఊరి నుంచి తిరిగి వస్తున్నాం. అక్క నడుపుతోంది. రోడ్డు మీదికి మేకల మంద వచ్చింది. అక్క వేగం తగ్గించలేదు. నేను ఆమె వైపు చూశాను. ఆమె తన కుడికాలి వైపు చూస్తోంది. మరుక్షణం స్టీరింగ్ పక్కకు తిప్పింది. కారు రోడ్డు దిగి పత్తి చేనులోకి పోయింది. కారు కింద పత్తి చెట్లు విరుగుతున్న చప్పుడు. అక్క తాళం తిప్పి ఇంజన్ ఆపేసింది. కారు దుక్కిలో కూరుకుని నిలిచింది.

"కాలు లేవలే చెల్లె," అంది. "లెవ్వు అంటున్న. అది ఇంటలేదు."

చేను ఆసామి పరుగెత్తలేక, కర్ర పట్టుకుని ఊగుతూ వచ్చాడు. విరిగిన చెట్లను చూశాడు. కారు లోపల అక్క కాళ్లను చూశాడు. ఆయనవీ అవే కాళ్లు. "దెబ్బలేం తాకలే గద తల్లీ," అని మాత్రం అడిగాడు. నలుగురిని పిలిచి కారును రోడ్డు మీదికి నెట్టించాడు. అక్క తాళం నా చేతిలో పెట్టింది. అప్పటి నుంచి నేనే నడిపాను.

హైదరాబాద్ దవాఖానలో డాక్టర్లు వెన్నులో నరాలు నొక్కుకుపోయాయన్నారు. మళ్లీ మళ్లీ రమ్మన్నారు. అక్క బస్సు ఎక్కగలిగే స్థితి దాటిపోయింది కాబట్టి ఆ కారే మాకు దిక్కు. అలా పోతున్న ఒకసారి చిట్యాల దాటాక ఇంజన్ అరుస్తోంది గాని బండి ముందుకు పోవడం లేదు. ఇంకో బండికి కట్టి లాగించుకుని నల్లగొండకు వెనక్కి తెచ్చాం.

మా మెకానిక్‌ను మేము భాయ్ అనే పిలిచేవాళ్లం. కారు కొన్నప్పటి నుంచి ఆయన చేతి కిందనే నడిచింది. గేర్‌బాక్స్ నూనె వేలితో తీసి నాకు చూపించాడు. నల్లగా ఉంది, మాడిన వాసన వస్తోంది.

"లోపల ప్లేట్లు కాలినయమ్మా. ఈ మోడల్ బంద్ అయి చాన ఏండ్లయింది, సామాన్లు దొరకయి. ఎక్కడన్నా పాతది తెచ్చి ఏసినా ఎన్ని దినాలు నడుస్తదో నేను చెప్పలేను."

"మరి ఏం చేద్దాం భాయ్?"

"ఇదే మోడల్ గేర్లది ఒకటి స్క్రాప్‌కు వచ్చింది. దాని గేర్‌బాక్స్, క్లచ్, పెడళ్లు అన్ని తెచ్చి దీనికి బిగిస్తా. ఇంజన్ మంచిగనే ఉంది. మాన్యువల్ చేస్తే ఫికర్ లేకుండ నడుస్తది." ఆగి, చేతులు గుడ్డకు తుడుచుకుని, "జర టీచరమ్మను అడుగుండ్రి ముందుగాల," అన్నాడు.

ఇంటికి వచ్చి నేను అడగలేదు. అన్నం దగ్గర అక్కే అడిగింది.

"భాయ్ ఏమన్నడు?"

చెప్పాను. చెప్పి, "ఇది అమ్మేసి ఇంకొక ఆటోమేటిక్ చూద్దాం," అన్నాను.

"ఎవరు నడపనీకి?"

నేను కూర గిన్నె ఆమె వైపు జరిపాను.

"నీకు రెండు కాళ్లు మంచిగున్నయి. నీకు గేర్లదైతే ఏంది, ఏదైతే ఏంది?" రొట్టె తుంచి పళ్లెంలో పెట్టింది. "నేను మల్ల నడుపుతనని చూస్తున్నవా చెల్లె?"

"ఆపరేషన్ చేస్తమంటున్నరు గదక్కా."

"చేస్తే నొప్పి తగ్గుతదేమో అన్నరు. కారు నడుపుతనని అనలే." ఇంకో ముక్క తుంచింది. "చేపియ్యి. బండిని నేను ఉండంగనే గేర్లది చేపియ్యి. నేను పోయినంకనైతే నీకు మనసొప్పది. గా రేకుల కింద పెట్టి తుప్పు పట్టిస్తవు."

ఆమె తుంచిన రొట్టె ముక్కలన్నీ పళ్లెంలోనే ఉండిపోయాయి.

పని మొదలైన రోజు తననూ తీసుకుపొమ్మంది. ఆటోలో తీసుకుపోయాను. భాయ్ వేపచెట్టు నీడలో కుర్చీ వేయించి, కాలు చాపుకోవడానికి ఎదురుగా ఒక పాత టైరు పెట్టించాడు. ఇంజన్ కింద నుంచి ఆ గేర్‌బాక్స్ గొలుసు మీద మెల్లగా దిగింది. అక్క దాన్ని చూసి, "గింత పెద్దదుండెనా లోపట," అంది. అంతే. తర్వాత భాయ్ లోపలికి దూరి వెడల్పాటి బ్రేకు పెడల్ విప్పాడు. దాని రబ్బరు ఒక అంచున మాత్రమే అరిగి నున్నగా అయింది. అక్క పాదం పూర్తిగా తిరగదు కాబట్టి ఎప్పుడూ ఆ అంచు మీదే తొక్కేది. ఆ జాగాలో ఇప్పుడు ఇరుకైన బ్రేకు, దాని పక్కన క్లచ్ వచ్చాయి. ఇన్నేళ్లు ఆమె ఎడమ కాలు చాపుకుని హాయిగా పడుకున్న చోటులో ఆ మూడో పెడల్ వేలాడింది.

అన్నీ బిగించాక తాళం తిప్పితే కారు స్టార్ట్ కాలేదు. ఒక చిన్న టిక్కు అయినా వినపడలేదు. భాయ్ కంగారు పడలేదు.

"ఇది ఇంక ఆటోమేటిక్ అనే అనుకుంటాందమ్మా," అన్నాడు. "పాత లివర్ పార్కింగ్‌ల ఉందని తెలిస్తేనే స్టార్ట్ అయ్యెతట్టు వైరింగ్ ఉంటది. ఆ లివర్ ఇప్పుడు లేదు గద."

రెండు వైర్లు వెతికి కలిపాడు. ఇంజన్ అందుకుంది. నేను అక్క వైపు చూశాను. ఆమె పైట చెంగుతో ముఖం తుడుచుకుంటోంది. ఆ రోజు ఎండ కూడా ఎక్కువే.

"భాయ్, ఒక్కసారి నన్ను గాడ కూసోబెట్టుండ్రి," అంది.

నేనూ భాయ్ కలిసి డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టాం. సీటు మొత్తం వెనక్కి జరిపాను. ఎడమ కాలును రెండు చేతులతో ఎత్తి పాదం క్లచ్ మీద పెట్టుకుంది. తుంటి దగ్గర నుంచి నెట్టింది. ముఖంలో నరాలు తేలాయి. పెడల్ కదల్లేదు.

భాయ్ తల పక్కకు తిప్పుకుని, "కొత్త ప్లేటు టీచరమ్మా, జర టైటుగుంది," అన్నాడు.

"క్లచ్ మంచిగనే ఉంది భాయ్," అంది అక్క. "పెడల్ ఎట్లుంటదో సూద్దామని."

ఇంటికి నేనే నడిపాను. క్లచ్ అలవాటు లేక బండి క్లాక్ టవర్ దగ్గర ఆగిపోయింది, మళ్లీ మలుపులో ఆగిపోయింది. ఆగినప్పుడల్లా కారు ఒక్క ఉదుటున ఊగేది. ఆ ఊపు సరాసరి అక్క వెన్నులోకి పోయేది. ఆమె పైనున్న పిడి పట్టుకుని కళ్లు మూసుకునేది. నేను ఏడుపు ముఖం పెడితే, "చలో, మల్ల స్టార్ట్ చెయ్యి. గాబరపడకు," అనేది. తొందరలోనే ఇంజన్ చప్పుడు వినడం నేర్చుకుంది. గేరు ఎప్పుడు మార్చాలో నాకంటే ముందే ఆమెకు తెలిసేది. "ఇగ మార్చు," అనేది. నేను మార్చేదాన్ని. ఆ నెలల్లో కారును మేమిద్దరం కలిసి నడిపామనే అనుకుంటాను.

హైదరాబాద్‌లో చివరికి ఆపరేషన్ వద్దన్నారు. ఆమె ఊపిరితిత్తులు మత్తుకు తట్టుకోలేవన్నారు. పక్కటెముకలు కూడా బిగుసుకుని ఊపిరి పూర్తిగా తీసుకోలేకపోతోంది. ఆ మాట డాక్టరు నాతో చెప్పాడు. కారులో కూర్చున్నాక నేను ఎలా చెప్పాలా అని చూస్తుంటే అక్క, "నాకు చెప్పకు. నాకు ఎరికే," అంది. కొంతదూరం పోయాక, "అమ్రాబాద్ పోదామా ఒకనాడు? అడివి సూడాలె," అంది. ఎన్నడూ అడగనిది అడిగింది.

వానలు పడ్డాక పోయాం. దేవరకొండ, డిండి దాటి మన్ననూరు దగ్గర కొండ ఎక్కుతుంటే నేను సెకండ్ గేర్‌లోనే పెట్టి నడిపాను. రెండు పక్కలా పచ్చటి చెట్లు, తడి ఆకుల వాసన. మా వైపు అంత పచ్చదనం ఉండదు. ఒక చోట ఆపమంది. కిటికీ అద్దం దించి, తల వెనక్కి పెట్టి, వీలైనంత గాలి పీల్చుకుంది. వీలైనంత అంటే చిన్న పిల్ల గుటక అంత. రోడ్డు దాటుతున్న కోతులను చూసి నవ్వింది. పులి కనబడలేదని వచ్చేటప్పుడు దారి పొడుగునా నన్ను ఆటపట్టించింది.

ఆ చలికాలంలో జలుబు చేసి ఛాతీలోకి దిగింది. నల్లగొండ దవాఖానలో కొన్నాళ్లు ఉంది. ఒక మధ్యాహ్నం నేను నీళ్ల సీసా నింపుకుని వచ్చేసరికి నర్సు మంచం చుట్టూ తెర లాగుతోంది.

ఊళ్లో అమ్మ పక్కనే సమాధి చేశాం. కాళ్లు చక్కగా పెట్టడానికి వీలుకాక పెట్టె వెడల్పుగా చేయించవలసి వచ్చింది. ఆమె బడి పిల్లలు వచ్చారు. చర్చి అయ్యగారు ప్రార్థన చేస్తున్నంతసేపు వెనక వరుసలో ఉన్న చిన్నపిల్లలు కుదురుగా నిలబడలేక అటూ ఇటూ ఉరికారు. ఎవరో కసురుకోబోతే నేను వద్దన్నాను.

బంధువులు తోడు వస్తామన్నా వినకుండా నేనొక్కదాన్నే నల్లగొండకు తిరిగి వచ్చాను. చండూరు చౌరస్తాలో బండి ఆగింది. స్టార్ట్ చేశాను, మళ్లీ ఆగింది. ఎడమ కాలు క్లచ్ మీద నిలవడం లేదు. వెనక లారీ వచ్చి ఆగింది. హారన్ కొట్టలేదు. కాసేపటికి డ్రైవర్ దిగి కిటికీ దగ్గరికి వచ్చాడు.

"ఏమైందమ్మా, బండి కరాబైందా?"

"లేదన్నా. బండి మంచిగనే ఉంది."

ఆయన నా ముఖం చూశాడు. తన లారీని పక్కకు తీసి, వెనక వస్తున్నవాళ్లను చెయ్యి ఊపి నా పక్కనుంచి పంపించాడు. నేను ఏడ్చినంతసేపూ అక్కడే నిలబడ్డాడు.