మిగతావన్నీ మార్చెయ్

ఇన్నేళ్లుగా ఈ బరువు నాతోపాటే గురుగ్రామ్ ఆఫీసుకు వస్తోంది, నాతోపాటే ఢిల్లీ ద్వారకలోని ఇంటికి తిరిగొస్తోంది. ఎవరికీ చెప్పలేదు. మీరు నన్నెరగరు కాబట్టి మీకు చెబుతున్నాను. అందులోనూ కాస్త పిరికితనం ఉంది, తెలుసు.

ఒక ఆసుపత్రి కంప్యూటర్ పనులు మా కంపెనీ చూసేది. అక్కడ పిల్లల వార్డును రెండో అంతస్తు నుంచి ఐదో అంతస్తుకు మార్చి, ఖాళీ అయిన చోట పెద్దల వార్డు పెట్టారు. దానికి తగ్గట్టు మా ఫైళ్లలో పిల్లల వార్డుకున్న అంతస్తు నంబరు మార్చే పని నాకొచ్చింది. అందుకో చిన్న సాధనం ఉంది. నల్లటి తెర మీద పాత నంబరూ కొత్త నంబరూ టైపు చేస్తే, ఫైళ్లన్నీ వెతికి, ఆ నంబరు కనబడ్డ ప్రతి వరుసనూ చూపించి ‘మార్చనా?’ అని అడుగుతుంది. పిల్లల వార్డు గురించైతే అవుననాలి. రెండో అంతస్తు గురించే అయితే వద్దనాలి. ఏది ఏదో చదివితేనే తెలుస్తుంది. అందుకే అది అడిగేది.

మొదట్లో బుద్ధిగానే చదివాను. తర్వాత చదవకుండానే అవును, అవును, అవును. కింద ఆఫీసు క్యాబ్ డ్రైవరు ఫోన్ మీద ఫోన్ చేస్తున్నాడు. మిగతావన్నీ అడక్కుండా మార్చెయ్యమనడానికి ఒక మీట ఉంది. నొక్కేశాను. అలసటా? కాదు. విసుగు. అంతే.

అలా మారిపోయిన వాటిలో ల్యాబ్ రిపోర్టుల వరుస ఒకటి. రెండో అంతస్తు రిపోర్టులు ఐదో అంతస్తు తెర మీదికి పోయాయి. పెద్దల వార్డులో ఒక ముసలాయన రక్తంలో పొటాషియం ప్రమాదకరంగా పెరిగిందని చెప్పే రిపోర్టు ఆయన నర్సుకు కనబడనే లేదు. ఆయన ఐసీయూ దాకా వెళ్లి బతికి బయటపడ్డాడు. రిపోర్టు చూసుకోలేదని నర్సు మీద విచారణ వేశారు.

ఆ నర్సు కాకినాడ ఆవిడ. మా చర్చిలో అందరికీ అక్క. నేను ఢిల్లీకి కొత్తగా వచ్చి జ్వరంతో పడుకుంటే జావ కాచి తెచ్చిన మనిషి. రిపోర్టు తెర మీదికి రాలేదంటోందని ఆసుపత్రి నుంచి మాకొచ్చిన ఫిర్యాదు చూడగానే నాకు సంగతి అర్థమైంది. ఆ వరుసను గుట్టుగా సరిచేసి, మా వైపు ఏ లోపమూ లేదని ఆసుపత్రికి రాసి పంపాను.

ఆ ఆదివారం చర్చి బయట అక్క నన్ను పక్కకు పిలిచింది.

“తమ్ముడూ, నేను రెండుసార్లు చూశానయ్యా. రిపోర్ట్ రాలేదు. చెప్తే ఎవరూ నమ్మట్లేదు. నీకు తెలుసు గదా ఇయ్యన్నీ, ఓసారి చూసి చెప్పవా?”

“చూశానక్కా. మా సైడ్ ఏం ప్రాబ్లమ్ లేదు.”

“అచ్ఛా...” అంది. “అయితే నేనే సరిగ్గా చూళ్లేదేమోలే.”

నన్ను అనుమానించి ఉంటే బాగుండేది. ఆవిడ నా మాట నమ్మి, తన కళ్లనే నమ్మడం మానేసింది. ఉద్యోగం పోయింది. తర్వాత ప్రార్థన కూటంలో లేచి నిలబడి, తన అజాగ్రత్తను దేవుడు క్షమించేలా ప్రార్థించమని అందరినీ అడిగింది. అందరితోపాటు నేనూ ఆమేన్ అన్నాను.

ఎందుకు నోరు విప్పలేదు? నా ఉద్యోగం పోతుందనా? అప్పట్లో అదే కారణం అనుకున్నాను. మరి ఆ కంపెనీ వదిలేశాక కూడా ఎందుకు చెప్పలేదు? ఆవిడ దృష్టిలో మంచి తమ్ముడిగా మిగిలిపోవాలని, ఆ మంచితనం దొంగదని తెలిసి కూడా. నామీద నాకు అసహ్యంగా ఉంది.

అక్క ఇప్పుడు ఇళ్లకెళ్లి ముసలివాళ్లను చూసుకుంటోంది. ఈ మాట మీకంటే ముందు ఆవిడకు చెప్పాలి. ఇంకా చెప్పలేదు. చెబుతానని మాటివ్వడానికి కూడా భయంగా ఉంది. అయినా ఒక్కసారైనా ఎక్కడో ఒకచోట ఉన్నదున్నట్టు రాయనివ్వండి: అక్క చూసింది. రిపోర్టు అక్కడ లేదు. లేకుండా చేసింది నేను.