ఎర్ర పెన్ను సార్

కౌన్సెలింగ్ ఎంతవరకు పనిచేస్తోందో తేల్చే అధ్యయనం కోసం పంజాగుట్టలోని ఒక క్లినిక్‌లో నేను ఫారాలు నింపించేవాణ్ణి. అక్కడ కౌన్సెలింగ్ చేసే మేడమ్ దగ్గరికి వచ్చేవాళ్లలో ఒకాయన అమీర్‌పేటలోని కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో జావా చెప్పే సార్. ఏ కాగితం ఇచ్చినా జేబులోంచి ఎర్ర పెన్నే తీసేవాడు.

మొదటి రోజు దిగులు, భయం, నిద్రలేమి మూడింటికీ రెండేసి వేశాడు. పన్నెండు వారాల తర్వాత అన్నిటికీ మూడు వేశాడు. మా ఫారంలో సున్నా అంటే బాధ లేనట్టు, మూడంటే బాగా ముదిరినట్టు. కంగారుపడి అడిగాను.

"గట్ల అడుగుతవేంది తమ్మీ! మేడమ్ మస్తు మంచిగ చూసింది. మా ఇన్‌స్టిట్యూట్‌ల ఫీడ్‌బ్యాక్ తక్కువొస్తే సార్ నౌకరీ పోతది. గందుకే ఫుల్ మార్కులేసిన."

ఈ మార్కులు మేడమ్‌కు కాదనీ, అసలు ఆవిడ ఈ కాగితమే చూడదనీ చెప్పి కొత్త ఫారం ఇచ్చాను. దిగులుకూ భయానికీ సున్నా పెట్టాడు. నిద్రలేమి దగ్గర ఎర్ర పెన్ను చాలాసేపు ఆగింది.

"గిది సుత నిజమే రాయాల్నా?"

"రాయాలి సార్."

రెండు వేసి, కాగితం బోర్లించి నా చేతికిచ్చాడు.

"మేడమ్‌కు చెప్పకు తమ్మీ. మంచిగ నిద్ర పడ్తున్నదని గామెకు చెప్పిన."