పలక కోసం పాలమూరు

మూడో తరగతిలో పలక పగలగొట్టుకుని బడి మానేసినవాడిని నేను. చదువుకూ నాకూ గొడవేమీ లేదు, ఒకరినొకరం గుర్తుపట్టలేదంతే. అలాంటివాడిని మీసం నెరిశాక మళ్ళీ పలక కోసమే నల్లగొండలో పాలమూరు బస్సు, అదే మహబూబ్‌నగర్ బస్సెక్కాను.

నాది కరెంటు ఆటో. బ్యాటరీ వెనక సీటు కింద ఉంటుంది. దాని మీది రేకు మూత తుప్పు పట్టి వంగిపోయింది. అదే వారం మా ఆవిడ సుగుణ ఫోన్లో కరెంటు స్కూటర్ తగలబడే వీడియో చూసింది. ఇక నా ఆటో ఎక్కితే ఒట్టు. పూలబుట్ట ఎత్తుకుని నా కళ్ళ ముందే డీజిల్ ఆటో ఆపి మార్కెట్‌కు పోయేది. "సొంత పెండ్లామే ఎక్కని ఆటో మేమెట్ల ఎక్కాలన్నా?" అని గిరాకీలు కూడా నవ్వడం మొదలుపెట్టారు. చివరికి మెకానిక్ రఫీక్ భాయ్ దారి చెప్పాడు: "పాలమూరుల ఒక షెడ్డుంది. మంటకు ఆగే పలకలు చేస్తరు, బరువుండయ్. గది తెచ్చి బ్యాటరీకి మూత ఎయ్యి."

పొద్దున ఆరుంబావు బస్సు. దేవరకొండ, కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా పోతుంది. మీరు వెళ్ళేటట్టయితే కిటికీ సీటు మీద ఆశ పెట్టుకోకండి. ఆడవాళ్ళకు ప్రయాణం ఉచితం కనుక బస్సంతా వాళ్ళే. టికెట్ కొన్నవాడినీ నేనే, నిలబడ్డవాడినీ నేనే. కొండమల్లేపల్లి దాటాక ఒక అవ్వకు జాలి కలిగింది.

"పైసలిచ్చి నిలబడ్డవా బిడ్డా? జర గిట్ల కూసో. ఏం పని మీద పోతున్నవ్?"

"పలక కోసం అవ్వా."

ఆమె నా మీసం వంక ఒకసారి చూసి, తన సంచిని నాకు దూరంగా జరుపుకుంది.

కల్వకుర్తిలో ఇడ్లీ తిన్నాను. చట్నీ బాగుంటుంది, మంచినీళ్ళు దగ్గర పెట్టుకుని తినండి. పదకొండు దాటాక మహబూబ్‌నగర్‌లో దిగి, "పలకలు దొరికే జాగకు పోనియ్యి తమ్మీ" అన్నాను ఆటో అతనితో. అతను తిన్నగా తీసుకెళ్ళి, బడి ఎదురుగా ఉన్న పుస్తకాల దుకాణం ముందు దించాడు.

"పిల్లగాడు ఏ క్లాసు?" అన్నాడు దుకాణదారు.

"నేనే పిల్లగాణ్ణి. మూడోది సగంల ఉన్న."

"అయితే బలపాలు గూడ పడ్తయ్" అని డబ్బా తీశాడు. అసలు సంగతి చెబితే నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, షెడ్డుకు దారి చూపించాడు.

షెడ్డు ఊరి బయట. లోపల తెల్లటి గాజు నూలు బట్టను పొరలుగా పేర్చి, మంట తట్టుకునే జిగురు పట్టించి, వేడి ప్రెస్సులో నొక్కుతున్నారు. అది గట్టిపడితే పలక. పని చూసుకునే శ్రీనివాసు అక్కడే ఉన్నాడు.

"బట్టనా? మా ఆమెది పోచంపల్లి, మగ్గం నేసే సాలోళ్ల బిడ్డ. బట్టతోని మంట ఆపుతరంటే నన్ను ఇంట్లకు రానియ్యదు" అన్నాను.

అతను ఒక ముక్కను స్టాండుకు బిగించి కింద గ్యాసు మంట పెట్టాడు. పైన చెయ్యి పెట్టమన్నాడు.

"ముందు మీరు పెట్టున్రి. నాయి ఆటో నడిపే చేతులు."

అతను పెట్టాడు. తర్వాత నేనూ పెట్టాను. అడుగు నల్లబడింది కానీ పైన గోరువెచ్చగా ఉంది.

"అసలే కాలదా అన్నా?"

"అసలే కాలదంటే అబద్ధమైతది. మంటను కొద్దిసేపు మీదికి రానియ్యదు. గా సేపట్ల అందరు దిగి ఉరకాలె."

ఆ 'కొద్దిసేపు' నా మనసులో ముల్లులా దిగింది. సుగుణ ఏమంటుందో! నేను తీసుకెళ్ళిన కొలతకు మూత కోసేలోగా ఎదురు హోటల్లో జొన్నరొట్టె తిన్నాను. చూపించడానికి ఒక ముక్క అడిగి తీసుకున్నాను.

మూడింటి బస్సులో కండక్టర్ అడ్డుపడ్డాడు. "క్యారంబోర్డా? లగేజి టికెట్ తియ్యాలె" అని నడుం బిగించి మూతను లేపాడు. బరువు లేకపోయేసరికి వెనక్కి తూలి సీట్లోని ఆడవాళ్ళ మీద పడబోయాడు. బస్సంతా ఒకటే నవ్వు. "దీనికి టికెట్ కొడితే నాకే సిగ్గయితది, పెట్టుకో" అని వెళ్ళిపోయాడు. కిటికీ సీటు కూడా దొరికింది. రాళ్ళగుట్టలు, పత్తిచేలు వెనక్కి పోతున్నాయి. అంత తేలిక వస్తువును అంత బరువు గుండెతో మోసుకుపోయినవాడు ఆ దారిలో ఇంకొకడు ఉండడు.

ఇంటికి చేరాక 'కొద్దిసేపు' సంగతి కూడా దాచకుండా చెప్పాను.

"మా నాయిన నేసిన చీరకు నిప్పురవ్వ పడితేనే బొక్కపడ్డది. గీ బట్ట ఆగుతదా?" అంది సుగుణ. ముక్కను పట్టకారుతో తానే పొయ్యి మంట మీద పట్టుకుంది. పైన ఒక మల్లెపువ్వు పెట్టింది. పువ్వు మెల్లగా వాడేదాకా కళ్ళార్పకుండా చూసి పొయ్యి ఆపేసింది.

"గీ సేపు చాలు, దిగనీకి."

తెల్లారి కొత్త మూత బిగించాను. అడ్డా మీద అందరూ చూస్తుండగా సుగుణ పూలబుట్టతో వచ్చి వెనక సీట్లో కూర్చుంది. నాకు ఛాతీ పొంగింది. "చూసినవా, మూడోదిల బడి బంద్ జేసినోడు ఎంత పని చేసిండో!" అన్నాను.

"గప్పుడే పలక సక్కగ పట్టుకోని బడికి పోతే, గిప్పుడు పలక కోసం పాలమూరు దాక పోయే పని లేకుండె. ఇగ నడుపు!" అంది.