మెంతులు మొలిచిన ఎరువు

నా చిన్నప్పుడు గుణదలలో మేం అద్దెకున్న ఇంటికి పెరడు లేదు. మెట్ల పక్కన రెండు నూనె డబ్బాల్లో చామంతులుండేవి, అంతే. ఆ ఏడు కొండమీద మేరీమాత తిరునాళ్లకు నా చేత్తో పెంచిన పూలే తీసుకెళ్తానని వీధంతా చాటుకున్నాను. తొమ్మిదేళ్ల పిల్లకు అంతకన్నా పరువు సమస్య ఏముంటుంది? తిరునాళ్లు ఇరవై రోజుల్లోకి వచ్చేశాయి, మొగ్గలు చూస్తే ఆవగింజంత ఉన్నాయి.

మా అమ్మమ్మ గోడవార ఒక ఓటికుండ పెట్టి కూరగాయల తొక్కలూ, వాడిన టీపొడీ, ఎండుటాకులూ పొరలుగా వేసేది. ఒక చలి ఉదయం దాని మూత తీశాను కదా, లోపలినుంచి ఆవిర్లు వస్తున్నాయి. చెయ్యి పెడితే వేడి. నా సంతోషం ఇంతా అంతా కాదు. ఎరువుకు బలం వచ్చేసిందనుకుని, అమ్మమ్మ చర్చికి వెళ్లిన సమయం చూసి రెండు డబ్బాల నిండా కుక్కాను.

మూడో రోజుకు ఆకులు వేలాడిపోయాయి. నేను ఏడుపు లంకించుకున్నాను. అమ్మమ్మ తిట్టలేదు. నా వేలు పట్టుకుని డబ్బాలోకి గుచ్చింది.

"ఎట్టా ఉంది? మొక్క వేళ్లు మాడిపోతన్నాయే పిచ్చిపిల్లా. ఉడికిందాకా ఉండి ఉమ్మగిలిందాకా ఉండలేకపోయావా?"

ఇద్దరం కలిసి డబ్బాలు ఖాళీ చేసి, మొక్కల వేళ్లు కడిగి, వాటిని ఉత్త మట్టిలో మళ్లీ నాటాం. తర్వాత అమ్మమ్మ కుండలోంచి గుప్పెడు ఎరువు సాసర్లోకి తీసి, నా చేతిలో చిటికెడు మెంతులు పోసింది. అవి మొలిస్తే ఎరువు పండినట్టు, లేకపోతే వారం ఆగి మళ్లీ చూడాలి. మొదటిసారి మెంతులు కుళ్లిపోయాయి. రెండోసారీ అంతే. ఈలోగా తిరునాళ్లు వచ్చి వెళ్లిపోయాయి. ఉత్త చేతులతో వెళ్లి, ఎవరి కంటా పడకుండా అమ్మమ్మ చీరచాటున నడిచాను.

మరో వారానికి, ఒక పొద్దున, సాసర్ నిండా తెల్లటి మొలకలు! దాన్ని పట్టుకుని వీధి ఈ చివరనుంచి ఆ చివరకు పరుగెత్తాను. రెండు పాళ్ల మట్టికి ఒక పాలు ఎరువు కలిపి డబ్బాలో వేశాం. అప్పటికే ఒక మొక్క చచ్చిపోయింది. రెండోది ఎండలు ముదిరే వేళకు ఒకే ఒక్క పసుప్పచ్చ పువ్వు పూసింది. తిరునాళ్లు అయిపోయాయిగా అని నేను మూతి ముడుచుకున్నాను.

"ఆ తల్లి పండగరోజే ఉంటదా ఏంటి? పద," అంది అమ్మమ్మ.

కొండమీద జనం లేరు. పండగరోజు దూరంనుంచి కూడా సరిగ్గా కనబడని తల్లి పాదాల దగ్గర, నా చేత్తో, తీరిగ్గా ఆ పువ్వు పెట్టాను. ఆ రోజు నేను నేలమీద నడవలేదు.

ఇప్పుడు పటమటలో, అపార్ట్‌మెంట్ బాల్కనీలో నా కుండీలకు కంపోస్టు నేనే చేసుకుంటాను. నెలకల్లా వాడొచ్చని కొన్న కంపోస్టు బకెట్ మీద రాసుంది కదా అని మనవరాలు నవ్వుతుంది. నా తొందర ఇప్పటికీ పోలేదు, కానీ మెంతులు చెప్పిందాకా ఎరువు ముట్టుకోను. అవి మొలిచిన రోజు మాత్రం సాసర్ పట్టుకుని, లిఫ్టు కోసం కూడా ఆగకుండా, మెట్లు దిగి వాచ్‌మన్ భార్యకు చూపించి వస్తాను.