డాక్టర్ రాయని పరదా

సికింద్రాబాద్‌లో నేను చెప్పినన్ని దయ్యాల కథలు ఇంకెవరూ చెప్పి ఉండరు. అందుకే ఒక్కదాన్నీ నమ్మను. వండేవాడికి కూరలో ఏం పడిందో తెలుసు కదా.

ఇది మాత్రం నేను వండింది కాదు.

రాష్ట్రం ఒకటిగా ఉన్న రోజులు. స్టేషన్‌కి దగ్గర్లో ఒక మెడికల్ కోడింగ్ ఆఫీసులో పనిచేసేవాణ్ణి. అమెరికాలో కంటి డాక్టర్లు రోగిని చూసి రాసిన చార్టులు మా కంప్యూటర్లకు వచ్చేవి. అవి చదివి జబ్బుకు తగిన నంబరు వేయడమే మా పని. చూపు మసక అని మాత్రమే ఉంటే 368.8. ఆ మసకకు కారణం డాక్టర్ రాసి ఉంటే, మసకను వదిలేసి కారణానికి నంబరు వేయాలి. రాయకపోతే మన సొంత తెలివి వాడకూడదు.

ఈ చివరి ముక్క విజయక్క రోజూ చెప్పేది. మా తప్పులు పట్టే ఆడిటర్ ఆవిడే. మౌలాలి నుంచి వచ్చేది. టీ దగ్గర నా కథలకు అందరికంటే గట్టిగా నవ్వేదీ ఆవిడే, సీట్లోకి రాగానే నా పనికి ఎర్ర గుర్తు పెట్టేదీ ఆవిడే.

ఒకరోజు ఒక చార్టు చదివాను. నలభై దాటిన ఆవిడ. ఎడమ కంట్లో ముక్కు వైపు నుంచి నల్ల పరదా జరుగుతోంది, అప్పుడప్పుడు మెరుపులు, రెటీనా ఊడింది. అంత స్పష్టంగా ఉంటే ఇక ఆలోచన ఏముంది? 361.9 వేసేసి మిర్చి బజ్జీకి కిందికి పోయాను.

తిరిగొచ్చేసరికి విజయక్క నా సీటు దగ్గర నిలబడి ఉంది.

“ఏంది తమ్మీ గిది? డాక్టర్ మసక అని రాస్తే నువ్వు రెటీనా ఊడగొట్టినవ్?”

చదివింది చదివినట్టు అప్పజెప్పాను. స్క్రీన్ మీద చూపిద్దామని పైకీ కిందికీ జరిపాను. పరదా లేదు, మెరుపులు లేవు. చూపు మసక, అంతే. పైగా ఆ చార్టు ఒక ముసలాయనది.

మళ్ళీ కథ అల్లావని తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. కుడికన్ను అరచేత్తో మూసుకుని స్క్రీన్ వైపు చూసింది. నా కుర్చీలో కూలబడింది.

“పొద్దుగాల లేసినకాంచి నాకు గట్లనే ఉంది,” అంది మెల్లగా. “ఎడమ కన్నే. నిద్ర సాలక అనుకున్న. ఎవ్వలకు చెప్పలే.”

ఆటోలో కంటి ఆసుపత్రికి తీసుకుపోయాను. రెటీనా ఊడుతోందన్నారు. నడిమి చూపుదాకా ఇంకా రాలేదనీ, ఆలస్యం చేస్తే ఆ కన్ను దక్కేది కాదనీ చెప్పి, వెంటనే ఆపరేషన్ చేశారు. రెటీనాను నొక్కి పట్టడానికి కంట్లో గ్యాస్ నింపారట, అందుకని ఆ తర్వాత చాలారోజులు బోర్లా పడుకోవాల్సి వచ్చింది. ఫోన్‌లో నా కథలు వింటూ, తల కదలకుండా నవ్వడం నేర్చుకుంది.

చూపు నిలబడింది. నల్ల కళ్ళద్దాలతో ఆఫీసుకు రాగానే ఆవిడ చేసిన మొదటి పని, ఆ చార్టు తెరిచి నాకు ఎర్ర గుర్తు పెట్టడం.

ఆ తప్పు వల్లే కదా అక్కా మీ కన్ను దక్కింది అని మొత్తుకున్నాను.

“దక్కింది. సల్లగుండు తమ్మీ. గని డాక్టర్ రాయలే. తప్పు తప్పే.”

ఆ పరదా, మెరుపుల వాక్యాలు నేనెక్కడ చదివానో ఇప్పటికీ తెలియదు. మల్కాజ్‌గిరిలో మా ఇంటికి వచ్చినవాళ్ళకల్లా ఈ సంగతి చెబుతుంటాను. ఉప్పూ కారం కలపకుండా చెప్పే కథ ఇదొక్కటే. ఎవరూ నమ్మనిదీ ఇదొక్కటే.